నదీ ఆవాసాల కొలత: చరిత్ర

నదిలో ఎంత నీరు పారితే ఏ చేప బతుకుతుందో, ఏది గుడ్లు పెడుతుందో అంచనా కట్టే మోడళ్లకు లోతు, వేగం, అడుగునున్న రాళ్ల పరిమాణం, జీవుల ఉనికి వంటి వివరాలు కావాలి. వాటిని నీళ్లలో దిగి సేకరించే పద్ధతులు జీవుల కోసం పుట్టినవి కావు. అమెరికాలో విలియం గన్ ప్రైస్ 1882లో రూపొందించిన కరెంట్ మీటరు ఇంజనీర్ల పనిముట్టు; 1889లో రియో గ్రాండే మీద ఎంబుడో వద్ద వెలసిన గేజి కేంద్రం సేద్యపు నీటి సర్వే కోసం ఏర్పడింది. అక్కడి నుంచి వచ్చిన అలవాటు ఒకటి నేటికీ వదల్లేదు. ప్రవాహాన్ని సరిగ్గా కొలవాలంటే నది తిన్నగా, ఒకే తీరున పారే చోటు ఎంచుకోవాలి. చేపలు మాత్రం మలుపుల్లో, మడుగుల్లో, బండరాళ్ల చాటున ఉంటాయి. అందుకే ఆవాస మోడళ్ల బలహీనతను గణితంలో కంటే ముందు ఎక్కడ, ఎప్పుడు కొలిచారన్నదానిలో వెతకాలి.

ఇంజనీర్ల దృష్టి, జీవుల దృష్టి కలవడానికి చాలా కాలం పట్టింది. 1954లో గోర్డన్ వోల్మన్ నదీగర్భంలో అడుగులేస్తూ చేతికి తగిలిన రాళ్లను, మామూలుగా ఒక వందను, ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి ప్రచురించాడు. పరికరమేదీ పెద్దగా అక్కర్లేని ఆ పద్ధతి ఇంకా వాడుకలో ఉంది. డొనాల్డ్ టెనంట్ 1964–74 మధ్య మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కా రాష్ట్రాల్లోని 11 వాగులపై కొలతలు తీసి, సగటు వార్షిక ప్రవాహంలో 10 శాతం ఉంటే జలచరాలు ఎలాగోలా నెట్టుకొస్తాయని, 30 శాతం ఉంటే బాగా బతుకుతాయని 1976లో తేల్చాడు. ఆ దశాబ్దం చివర్లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో అమెరికా మత్స్య, వన్యప్రాణి విభాగం ‘ఫాబ్‌సిమ్’ అనే మోడల్‌ను రూపొందించింది. ఈ మోడల్ కోసం వాగుకు అడ్డంగా తాడు కట్టి, దాని వెంట చోటుచోటునా లోతు, వేగం, అడుగు స్వభావం రాసుకుంటారు. వేగాన్ని నీటి పైమట్టం నుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర చూస్తే ఆ నిలువు సగటుకు దగ్గరగా వస్తుంది. లోతు ఎక్కువైతే పదింట రెండు, ఎనిమిది వంతుల దగ్గర రెండుసార్లు చూసి సగటు తీస్తారు. చేపలు కనిపించిన చోట్లను బట్టి ఒక్కో లోతుకు, వేగానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు వేసి, ప్రవాహం మారినప్పుడు పనికొచ్చే విస్తీర్ణం ఎంతో లెక్కిస్తారు.

1985లో మాథుర్, ఆయన సహచరులు ఈ పద్ధతిని గట్టిగా విమర్శించారు. విస్తీర్ణం పెరిగితే చేపల బరువూ పెరుగుతుందన్న రుజువు లేదని, లోతు, వేగం ఒకదానితో ఒకటి ముడిపడినవని అన్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే అది మోడలింగ్‌నే కొట్టిపారేయలేదు, పరిశీలన చాలలేదని చూపింది. పగటిపూట, తేటనీటిలో, తక్కువ ప్రవాహంలో కనిపించిన చేపలతో వేసిన మార్కులు రాత్రికీ వరదకూ వర్తించవు. ఒక వాగు మార్కులను మరో వాగుకు అరువు తెచ్చుకుంటే పొరపాటు రెట్టింపవుతుంది.

ఇప్పుడు డ్రోన్లు, నీటి అడుగును చూడగల లేజర్లు, శబ్ద తరంగాలతో వేగం కొలిచే పరికరాలు వచ్చాక నీళ్లలో దిగే పనేముందని అడిగేవారున్నారు. అవి నది ఆకారాన్ని మునుపెన్నడూ లేనంత వివరంగా ఇస్తాయి. కానీ బురద నీటిలో లేజర్ కుంటుపడుతుంది, పైగా ఏ చేప ఏ చోటును కోరుకుంటుందో అది చెప్పదు. నీటిలో కొట్టుకొచ్చే డీఎన్‌ఏ జాతి ఉందని తెలుపుతుంది, ఏ మడుగులో ఉందో తెలపదు. ఇంత ఖర్చెందుకు, టెనంట్ శాతాలు చాలవా అన్నది మరో వాదన. ఆ శాతాలు కూడా వాగుల్లో దిగి సంపాదించినవే, అదీ అక్కడి వాగులకు. ఏడాది నీటిలో చాలా భాగం నాలుగైదు నెలల్లోనే పారే రుతుపవన నదికి వార్షిక సగటు మంచి కొలబద్ద కాదు. 2018లో భారత ప్రభుత్వం ఎగువ గంగకు కనీస ప్రవాహం నిర్ణయించినప్పుడు కాలాన్ని బట్టి వేర్వేరు శాతాలు పెట్టింది: నవంబరు–మార్చిలో 20, జూన్–సెప్టెంబరులో 30. గోదావరికి ఇలాంటి నిబంధన రాయాలంటే పులస ఎదురీదే వరద నెలల్లోనే ధవళేశ్వరం దిగువన కొలతలు తీయాలి. వేసవిలో తీసినవి ఆ చేప విషయంలో పనికిరావు.