రోబో మోటారుకు తిరుగుటపా

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు రైతులకు బోరు మోటారు కాలిపోతే ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కనిపెట్టి మోటారును ఆపేసే స్టార్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మోటారు ఏం చేస్తోందో తెలుసుకుని, దాన్నిబట్టి మళ్లీ ఆజ్ఞ ఇవ్వడమే ఫీడ్‌బ్యాక్. రోబో చెయ్యి కదిలేదీ దీనితోనే.

1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తిరిగే రెండు గుండ్లు తగిలించాడు. వేగం పెరిగితే అవి విచ్చుకుని ఆవిరి దారిని బిగిస్తాయి, తగ్గితే వదులు చేస్తాయి. గాలిమరల వాళ్లు అంతకుముందే ఇలాంటివి వాడారు. పేరు మాత్రం వాట్‌కు దక్కింది. అయితే కొన్ని యంత్రాలు నిలకడ లేక ఊగిసలాడేవి. ఎందుకో 1868లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కగట్టాడు.

అసలు మలుపు 1922లో వచ్చింది. ఓడ చుక్కాని పట్టేవాళ్లను ఇంజనీరు నికొలస్ మినోర్‌స్కీ గమనించాడు. ఓడ ఎంత దారి తప్పింది, ఎంత జోరుగా తప్పుతోంది, ఎంతసేపటి నుంచి తప్పుతూనే ఉంది? ఈ మూడు లెక్కలూ కలిపితే పీఐడీ అనే నియంత్రణ పద్ధతి. నూరేళ్లు దాటినా రోబో మోటారు కంట్రోలర్లలో అదే నడుస్తోంది. మినోర్‌స్కీకి దక్కాల్సినంత పేరు దక్కలేదనే అంటాను.

ఓడ నుంచి రోబో చేతికి వద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1981లో అక్కడే తకేయో కనాడే, హరుహికో అసాడా పళ్లచక్రాలు లేకుండా మోటారును నేరుగా కీలుకే బిగించిన చెయ్యి చేశారు. పళ్ల సందుల్లో కదలిక కొంత వృథా పోతుంది. ఈ చేతిలో ఆ బెడద లేదు.

ఇక ఆరు కీళ్లకు విడివిడిగా తీగలు లాగితే చెయ్యంతా తీగల మోపే. దారి కార్ల నుంచి దొరికింది. బాష్ కంపెనీ 1986లో డెట్రాయిట్‌లో వెల్లడించిన క్యాన్ బస్‌కు రెండు తీగలు చాలు. రెండు సందేశాలు ఒకేసారి బయల్దేరితే చిన్న నంబరుది ముందుకెళ్తుంది, పెద్ద నంబరుది ఆగి మళ్లీ వస్తుంది. ఆలస్యమైతే చెయ్యి వణుకుతుంది గనక, క్షణక్షణం కరెంటు సవరించే పని సాధారణంగా మోటారు పక్కనున్న చిప్‌కే వదిలేస్తారు.

మన ప్రాంతపు ఐటీఐ, ఇంజనీరింగు పిల్లలూ, ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడరున్న చిన్న డీసీ మోటారు తెచ్చుకుని, కడ్డీ చివర బరువు కట్టి, మినోర్‌స్కీ మొదటి లెక్క (ఎంత తప్పింది) ఒక్కదానితోనే తిప్పి చూడండి. గమ్యానికి కాస్త ఇవతలే ఆగుతుంది. మూడో లెక్క (ఎంతసేపటి నుంచి) ఎందుకో అప్పుడు తెలుస్తుంది.