ఉసంబరా కొండల్లో కాలిబాట



పూలకుండీలంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఆఫ్రికన్ వయొలెట్ అనే చిన్న మొక్క తెలిసే ఉంటుంది. ఆకులు మందంగా, నూగునూగుగా ఉంటాయి. పూవు ఊదారంగు, మధ్యలో పసుపుపచ్చని చుక్క. నేరుగా ఎండ తగలకుండా కిటికీ పక్కన పెట్టుకుంటే ఏడాదిలో చాలా రోజులు పూస్తూనే ఉంటుంది. కిందటేడు మా తరగతిలో ఒక అమ్మాయి ఈ మొక్కను కుండీతో సహా బడికి తెచ్చి, "సార్, ఇది ఏ ఊరిది?" అని అడిగింది. ఏ దేశానిది అని అడిగితే పేరు చూసి ఆఫ్రికా అని చెప్పి తప్పించుకునేవాణ్ణే. ఏ ఊరిది అని అడిగింది కనుక వెతకవలసి వచ్చింది. అలా వెతకగా నాకు ఒక కొండల వరుస, దాని చరిత్ర దొరికాయి. ఈ పూట ఆ కొండల్లో కాసేపు నడుద్దాం రండి.

టాంజానియా దేశానికి ఈశాన్య మూలన, కెన్యా సరిహద్దుకు దగ్గరగా, టాంగా అనే రేవుపట్నం ఉంది. అక్కడినుంచి లోపలికి వెళ్తే మైదానంలోంచి గోడలా లేచిన కొండలు కనిపిస్తాయి. అవే ఉసంబరా కొండలు. మధ్యలో ల్వెంగెరా లోయ. దానికి ఇటు తూర్పు ఉసంబరా, అటు పశ్చిమ ఉసంబరా. కెన్యాలోని టైటా కొండల నుంచి టాంజానియా దక్షిణాన ఉన్న ఉడ్జుంగ్వా కొండల దాకా విల్లులా వంగి సాగే గుట్టల వరుసను శాస్త్రజ్ఞులు తూర్పు చాపం అంటారు. ఉసంబరా అందులో ఒక భాగం.

ఈ కొండలకు అంత పేరెందుకు? హిందూ మహాసముద్రం మీది తేమగాలి వచ్చి మొదట తగిలేది ఈ కొండలకే. ఆఫ్రికా ఖండంలో చాలాచోట్ల వాతావరణం ఎండిపోయి అడవులు కుంచించుకుపోయిన కాలాల్లో కూడా ఇక్కడ సముద్రపు తేమ అందుతూనే వచ్చింది. అందువల్ల లక్షల ఏళ్లుగా అడవి తెగకుండా నిలిచింది. చుట్టూ ఎండు మైదానం, మధ్యలో తడి కొండ. సముద్రంలో దీవి మీద బతికినట్టు ఇక్కడి జీవులు విడిగా బతికి, విడి జాతులయ్యాయి. మూడు కొమ్ముల ఊసరవెల్లి ఒకటి, పెద్ద గుడ్లగూబ ఒకటి, ఇంకా ఎన్నో కప్పలు, చెట్లు ఈ కొండల వరుసలో తప్ప లోకంలో మరెక్కడా కనిపించవు.

ముందు పశ్చిమ ఉసంబరా ఎక్కుదాం. కొండ పాదంలో మొంబో అనే ఊరు. అక్కడినుంచి లుషోటో పట్టణానికి ముప్పై కిలోమీటర్లకు పైగా మెలికల దారి. కింద వేడి, ముళ్లకంపలు, ఎర్రదుమ్ము. పైకి పోయేకొద్దీ చల్లగాలి, అరటితోటలు, కూరగాయల మళ్లు. ఇక్కడివాళ్లు షాంబా ప్రజలు. వాళ్ల భాషలో కింది ఎండు మైదానం పేరు న్యికా. తమ కొండసీమ పేరు షాంబాయి. ఉసంబరా అన్నది ఆ పేరునే బయటివాళ్లు పలికిన తీరు.

షాంబా పెద్దలు చెప్పుకునే కథ ప్రకారం, వాళ్ల మొదటి రాజు ఎంబెఘా వేటగాడు. ఎక్కడినుంచో వచ్చి, పంటలు పాడుచేసే అడవిపందులను చంపి, మాంసం అందరికీ పంచి, చివరికి ఒక సింహాన్ని చంపి రాజయ్యాడట. వాళ్ల రాజధాని వూగా. చరిత్రకారుడు స్టీవెన్ ఫైర్‌మన్ ఈ ప్రజల మధ్య ఉండి, వాళ్ల నోటి కథలు సేకరించి, 1974లో షాంబా రాజ్యం గురించి పుస్తకం ప్రచురించాడు. ఆయన రాసినదాన్ని బట్టి, షాంబా వాళ్లు ఏ పాలకుణ్ణయినా రెండు మాటలతో తూచేవారు. ఒకటి కుజిఫ్యా షీ, అంటే నేలను బాగుచేయడం. రెండోది కుబానా షీ, అంటే నేలను పాడుచేయడం. వాన పడి, పంట పండి, ఊళ్లో తగాదాలు లేకుంటే రాజు నేలను బాగుచేస్తున్నట్టు. కరువు వచ్చినా, రాజకుమారులు తమలో తాము కొట్టుకున్నా నేల పాడవుతున్నట్టు. శ్రోతలారా, ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ఈ కొండల చరిత్ర అంతటికీ ఇదే తూనిక.

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో కిమ్వేరి అనే రాజు కాలంలో ఈ రాజ్యం బాగా వెలిగింది. జర్మన్ మిషనరీ క్రాఫ్ 1848లోను, 1852లోను వచ్చి ఆయనను చూశాడు. కిమ్వేరి 1862లో చనిపోయాక వారసుల మధ్య యుద్ధాలు మొదలయ్యాయి. కొండ కింద బాటల్లో తుపాకులు, బానిసల వర్తకం పెరిగాయి. ఒకే రాజ్యంలోని వాళ్లు ఒకరినొకరు పట్టి అమ్ముకునే దుస్థితి వచ్చింది. ఇదీ నేల పాడవడమే.

ఆ తరువాత వచ్చింది జర్మన్ పాలన. 1893లో టాంగా నుంచి రైలుదారి వేయడం మొదలుపెట్టారు. అది 1905కు మొంబో చేరింది, 1911కు కిలిమంజారో పాదంలోని మోషి చేరింది. అదే 1893లో హిండోర్ఫ్ అనే వ్యవసాయ నిపుణుడు అమెరికాలోని ఫ్లోరిడా నుంచి సైసల్ అనే నారమొక్క పిలకలు తెప్పించాడు. మన పొలాల గట్ల మీద పెరిగే కిత్తనార జాతిదే ఇది. వెయ్యి పిలకలు బయలుదేరితే దారిలో ఎండిపోగా బతికినవి 62. ఆ 62 మొక్కల సంతానమే కొండ కింద మైదానమంతా బారులు తీరి నిలిచింది. లుషోటో దగ్గర ఇరెంటె అనే కొండకొమ్ము మీద నిలబడితే ఆ సైసల్ తోటలు గళ్లదుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. చూడటానికి అందంగా ఉంటుంది. ఆ తోటల్లో పనికి జనం ఎక్కడెక్కడినుంచో రావలసి వచ్చిందని కూడా అక్కడ నిలబడినప్పుడు తలచుకోవాలి.

లుషోటోకు జర్మన్లు తమ చక్రవర్తి పేరున విల్‌హెల్మ్‌స్టాల్ అని పేరు పెట్టారు. విల్‌హెల్మ్ లోయ అని దాని అర్థం. ఆ పాలన పోయింది, ఆ పేరూ పోయింది. ఊరు మళ్లీ లుషోటో అయింది. ఒకే ఊరికి బోర్డు మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండటం సరిహద్దు జిల్లాల్లో ఉండే మీకూ నాకూ కొత్త కాదు. అక్కడి పిల్లలు ఇంట్లో షాంబా భాష మాట్లాడి, బడిలో స్వాహిలీలో చదువుకుంటారు. అదీ మనకు కొత్త కాదు.

ఈ రైలుదారికి మన వైపువాళ్లతో ఒక బాధాకరమైన సంబంధం ఉంది. 1914 నవంబరు మొదటి వారంలో బ్రిటిష్‌వారు సుమారు 8 వేలమంది సైన్యాన్ని ఇండియా నుంచి ఓడల్లో తెచ్చి టాంగా మీదికి దింపారు. అందులో మద్రాసు సైన్యానికి చెందిన 63వ పాలంకోట పదాతిదళం, 61వ పయనీర్ల దళం ఉన్నాయి. రోజుల తరబడి ఓడలో ఇరుక్కుని వచ్చినవాళ్లను సరైన తయారీ లేకుండానే పోరుకు పంపారు. జర్మన్ సేనాని ఇదే ఉసంబరా రైలులో మోషి నుంచి తన సైనికులను త్వరత్వరగా టాంగా చేర్చాడు. అతని దగ్గర ఉన్నది వెయ్యిమందే. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికన్ సిపాయిలు. అయినా బ్రిటిష్ దాడి ఘోరంగా విఫలమైంది. పోరు మధ్యలో తేనెటీగలు లేచి సైనికులను కుట్టాయని కూడా చరిత్రలో ఉంది. ఎవరి నేల కోసమో, ఎవరి జెండా కిందో, ఎక్కడివాళ్లో వచ్చి అక్కడ ప్రాణాలు విడిచారు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఈ దేశం బ్రిటిష్ చేతికి వచ్చింది. లుషోటో నుంచి ఎంటాయె అనే కొసాగ్ర గ్రామం దాకా మూడు నాలుగు రోజుల కాలినడక ఉంది. ఆ దారిలో నిట్టనిలువు వాలుల మీద కూడా సాగు కనిపిస్తుంది. వాన పడితే మట్టి కొట్టుకుపోతుందని బ్రిటిష్ అధికారులకు దిగులు పట్టుకుంది. ఆ దిగులు నిజమైనదే. 1946లో మ్లాలో ప్రాంతంలో పథకం మొదలుపెట్టి, తరువాత కొండంతా విస్తరించారు. ప్రతి కుటుంబమూ తన చేలో అడ్డంగా మట్టికట్టలు వేయాలి. వాటిని మటుటా అనేవారు. వేయకపోతే జరిమానా. నిటారు వాలు మీద చేతిపారతో కట్టలు వేయడం ఎంత నరకమో ఆలోచించండి. ఆ పని చాలావరకు ఆడవాళ్ల మీద పడింది. ఉన్నది చిన్న చెక్క, అందులోనే అరటి, మొక్కజొన్న, చిక్కుడు కలిపి వేసుకునే సేద్యం. వాళ్లను అడిగినవారు లేరు. పైగా ఆజ్ఞలు అమలుచేసే బాధ్యత స్థానిక పాలకుల మీదే పెట్టారు. నేలను బాగుచేయవలసిన రాజే నేలను పాడుచేస్తున్నాడని జనం తిరగబడ్డారు. చివరికి 1957 నాటికి ఆ పథకాన్ని వదులుకోవలసి వచ్చింది. 1961లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

తమాషా ఏమిటంటే, 1981లో అదే లుషోటోలో అదే మట్టికోత ఆపడానికి మరో పథకం వచ్చింది. ఈసారి వాలుకు అడ్డంగా గడ్డి వరుసలు, చెట్లు నాటమన్నారు. ఆ గడ్డి ఇంట్లో ఆవుకు మేత అవుతుంది. కట్టెలు పొయ్యికి పనికివస్తాయి. రైతులు కొంతమేరకైనా ఒప్పుకున్నారు. ఉద్దేశం పాతదే, కానీ ఈసారి రైతు ఇంటికి ఏం కావాలో కూడా చూశారు.

ఇక లోయ దాటి తూర్పు ఉసంబరాకు వెళ్దాం. మన పూవు ఊరు ఇటే. 1892లో టాంగా జిల్లా అధికారి వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఈ మొక్కను చూసి, జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. హానోవర్ తోటల అధిపతి హెర్మన్ వెండ్‌లాండ్ 1893లో దానికి సెయింట్‌పాలియా అని శాస్త్రీయ నామం పెట్టాడు. అధికారి పేరు అలా పూవుకు అంటుకుంది. అక్కడినుంచి అది యూరప్, అమెరికా ఇళ్లలోకి పాకి, రకరకాల రంగుల్లో వేల రకాలుగా మారింది. 2015లో శాస్త్రజ్ఞులు దాన్ని మరో ప్రజాతిలో కలిపేశారు. కానీ సొంత ఊళ్లో ఇప్పటికీ నీడలో, తడిరాతి సందుల్లో మాత్రమే పెరుగుతుంది. పైన చెట్టు కొట్టేస్తే ఎండ తగిలి చచ్చిపోతుంది. ప్రపంచమంతా కిటికీల్లో పూసే మొక్కకు పుట్టింట్లో నిలవనీడ కరువయ్యే ప్రమాదం అదీ.

ఈ కొండల మీదే అమాని అనే చోట జర్మన్లు 1902లో వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టారు. సింకోనా, రబ్బరు, కాఫీ, కర్పూరం, ఇలా ప్రపంచంలోని మొక్కలన్నీ తెచ్చి నాటారు. బ్రిటిష్ కాలంలో 1930లలో స్టోరీ అనే శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో ఇక్కడే కర్రపెండలం తెగుళ్ల మీద పరిశోధన జరిగింది. మన సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసే ఆ దుంపే ఆఫ్రికాలో కోట్లమందికి అన్నం. అమానిలో పుట్టిన తెగులు తట్టుకునే రకాలు తరువాత ఖండమంతటా ఉపయోగపడ్డాయి. అది నేలకు జరిగిన మేలు. అదే తోటనుంచి మేసోప్సిస్ అనే పరాయి చెట్టు బయటపడి, నరికిన అడవి ఖాళీల్లో దట్టంగా అల్లుకుపోయింది. అది నేలకు జరిగిన కీడు.

1970లు, 80లలో ఫిన్లాండ్ సాయంతో ఇక్కడ యంత్రాలతో కలప నరికారు. విమర్శలు రాగా అది ఆగింది. 1990లలో అదే ఫిన్లాండ్ అడవిని కాపాడటానికి సాయం చేసింది. 1997లో అమాని ప్రకృతి రక్షితప్రాంతం ఏర్పడింది. ఈనాడు నడకకు వచ్చేవాళ్లు కొండ కింద జిగి అనే పాత జర్మన్ రైలుస్టేషన్ ఇంటి దగ్గర వివరాలు తెలుసుకుని, అక్కడినుంచి అడవిబాట పడతారు.

ఆ బాటకు దగ్గరలో డెరేమా అనే అడవిముక్క ఉంది. మూడు కొమ్ముల ఊసరవెల్లికి శాస్త్రీయ నామం ఆ ఊరి మీదనే వచ్చింది. అక్కడ రైతులు పెద్దచెట్ల నీడలో ఏలకులు పండించేవారు. మన పడమటి కనుమల ఏలకి మొక్కే సముద్రం దాటి వాళ్లకు రొక్కం తెచ్చే పంట అయింది. విడిపోయిన అడవి ముక్కలను కలపాలంటే డెరేమా కావాలి. 2000 తరువాతి దశకంలో ఏలకుల తోటలు తీయించి, పంటకు పరిహారం ఇచ్చారు. డబ్బు అందడానికి ఏళ్లు పట్టింది. ఊసరవెల్లికి దారి దొరికింది. రైతుకు మాత్రం ఆ కొండ మీద అలాంటి నేల మళ్లీ దొరకలేదు. ఇందులో ఎవరిది తప్పు అని మీరు అడిగితే నేను ఒక్క మాటలో చెప్పలేను. అడవి పోతే వాగులు ఎండి రైతుకే నష్టం. రైతు పోతే అడవిని కాచేది ఎవరు?

1990ల మధ్యలో లుషోటోలో గ్రామస్థులే దారి చూపే పర్యటనలు మొదలయ్యాయి. ఆ ఊరి కుర్రవాడే మీ ముందు నడుస్తాడు. చెట్టు పేరు షాంబా భాషలో చెబుతాడు, ఫలానా గుట్ట మీద తన నాయనమ్మ మట్టికట్టలు వేసిందని చెబుతాడు. ఎప్పుడైనా వెళ్లగలిగితే అలా వెళ్లండి. వెళ్లలేకపోతే మీ ఊరి పక్కన గుట్ట ఎక్కేటప్పుడైనా అక్కడి పెద్దవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి. గుట్టకూ చరిత్ర ఉంటుంది. అది వాళ్లకు తెలుసు.

మా తరగతి అమ్మాయికి జవాబు చెప్పాను. "అమ్మా, ఈ పూవుది షాంబాయి కొండ. దాని మీద ఒక అధికారి పేరు ఉంది కాని, దాన్ని ఇన్నాళ్లు బతికించింది ఆ కొండ నీడ" అన్నాను. ఆ అమ్మాయి కుండీని ఎండలోంచి తీసి గోడ నీడన పెట్టింది. పాఠం అర్థమైందని నాకు అనిపించింది.