కోటిపల్లి రైలు: యుద్ధం ఒక్కటే కారణమా?

కొండల్లేని కోనసీమలో రైలుకు అడ్డు నీళ్లే. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కిలోమీటర్లు సాగి, కోటిపల్లిలో గోదావరి పాయ గౌతమి గట్టున ఆగిపోయే లైను 1928లో మొదలైంది. అమలాపురం వెళ్లేవాళ్లు అక్కడ దిగి, రేవు దాటి ముక్తేశ్వరం చేరాలి. రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని 1940లో పట్టాలు ఊడదీశారు. మళ్లీ వేసింది 2004లో.

యుద్ధమే ఈ రైలును మింగిందన్నది వాడుకలో ఉన్న మాట. పట్టాలు ఊడదీయడానికి ఆ కారణం చాలు. ఆ తర్వాతి 64 ఏళ్లకు చాలదు. అదే యుద్ధంలో నేటి కేరళలోని షొరనూర్–నిలంబూర్ లైనులోనూ, హిమాచల్‌ కాంగ్రా లోయలో నగ్రోటా–జోగిందర్‌నగర్ మధ్యా పట్టాలు పోయాయి. రెండు చోట్లా 1954లో మళ్లీ రైలు నడిచింది. కాంగ్రాది కొండదారి కూడాను!

నా అనుమానం చివరి స్టేషను మీద. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత డెల్టా కాలువల్లో ధాన్యం, కొబ్బరి పడవల మీదే కదిలేవి. రేవు దగ్గర దింపి మళ్లీ ఎక్కించే సరుకు రైలుకు ఎంతవరకు దక్కేదో ఆలోచించాలి. అయితే నిలంబూరూ లైను చివరి ఊరే. కాబట్టి చివర కావడం కాదు, ఆ చివర్న వంతెన లేని నది ఉండటమే తేడా కావచ్చు. ఇది ఊహే, రుజువు కాదు.

రెండో విడత ఈ ఊహకు కొంత బలం ఇస్తుంది. రైలు తిరిగొచ్చే రెండేళ్ల ముందే, 2002లో, యానాం–ఎదుర్లంక వంతెన తెరుచుకుంది. కాకినాడ బస్సు గౌతమి దాటి నేరుగా అమలాపురం చేరింది. రైలేమో పాత గట్టు దగ్గరే ఆగింది. కొన్నాళ్లకు ఆ లైనులో రైలుబస్సు తిరిగింది. జనం లేక చిన్న బండి వేశారా, చిన్న బండి వేసినందుకే జనం తగ్గారా అన్నది మాత్రం దీన్నిబట్టి తేలదు.

లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు అమలాపురం ఎంపీ బాలయోగి పట్టుబట్టిన కోటిపల్లి–నరసాపురం లైను సుమారు 57 కిలోమీటర్లు. అది గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటినీ దాటాలి. గౌతమి మీద రైలు నడిచాక పాత 45 కిలోమీటర్లలో టికెట్లు పెరిగితే నా ఊహ నిలుస్తుంది. రద్దీ అమలాపురం–నరసాపురం వైపే ఉండిపోతే మాత్రం తప్పు రేవుది కాదు, కాకినాడ రైలును దెబ్బతీసింది బస్సేనని ఒప్పుకోవాలి.