సన్నాయి సాయబు ‘అటక్’ అయిన చోట

మా మహల్లాలో ఎదురింటి శెట్టిగారి అమ్మాయి పెళ్లికి సన్నాయి ఊదింది ఓ ముసలి సాయబు. నెత్తిన తెల్ల టోపీ, పక్కన డోలు. మార్కాపురంలో ఉర్దూ మీడియం చదివే పిల్లలం నలుగురం పందిరి బయట నిలబడి చూస్తున్నాం. ఆయన పాట ఎత్తుకుని మొదటి ముక్క ఊదాడు. మళ్లీ అదే. మళ్లీ అదే. ‘సుయీ అటక్ గయీ రే!’ అన్నాను నేను. రికార్డు మీద సూది ఇరుక్కుంటే అలాగే కదా మోగేది! పడీ పడీ నవ్వాం. ఆయన మనవడు మా క్లాసే. ఆ రోజు నుంచి వాడి పేరు ‘అటక్’. అంతకుముందు ‘పింజారీ’ అనేవాళ్లం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుళ్లో సన్నాయి ఊదుతారు, వీళ్లేం ముసల్మాన్లు అని పెద్దవాళ్లు అనుకునే మాటలు మా చెవిన పడేవి మరి.

ఆ సాయబు ఎక్కడా ఇరుక్కోలేదని నాకు తెలిసింది డిగ్రీలో. 1999 ఏప్రిల్‌లో షేక్ చినమౌలానా సాహెబ్ ఇంతకాల్ వార్త పేపర్లో వచ్చింది. పుట్టిన ఊరు కరవది, ఒంగోలు పక్కన. మన జిల్లా సాయబుకి ఇంత ఇజ్జత్ ఉందా అని ఆశ్చర్యపడి మా తెలుగు మాస్టారిని అడిగితే, ఆయన కృతి గురించి, సంగతుల గురించి గంటసేపు చెప్పారు.

మన ఇళ్లలో ఖవ్వాలీ తెలియనివాళ్లు లేరు కాబట్టి అక్కణ్ణించి మొదలుపెడతాను. ఖవ్వాల్ ఒక మిస్రాని తక్రార్ చేస్తాడు. మధ్యలో ఇంకో షేర్ తెచ్చి గిరహ్ కట్టి, మళ్లీ పాత మిస్రాకే వస్తాడు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ అయితే ఆ సందులో సర్గమ్ వర్షం కురిపించేవారు. ఎవరికైనా హాల్ వస్తే, వాళ్లు తేరుకునే దాకా ఆ మిస్రాని వదలకూడదని సమా అదబ్. 1235లో ఢిల్లీలో ఖ్వాజా కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఓ ఫార్సీ షేర్ తక్రార్ వింటూ వింటూనే విసాల్ అయ్యారని రివాయత్.

సంగతి వేరే దారి. బయటి నుంచి ఏమీ రాదు. మాటలు అవే, తాళం అదే, ఎత్తుకునే చోటూ అదే. మొదటిసారి పల్లవి సాదాగా. రెండోసారి చివర కొస మాత్రం కాస్త వంగుతుంది. మూడోసారి నడుమ విచ్చుకుంటుంది. ఆ తర్వాత పైషడ్జం దాకా ఎక్కుతుంది. ప్రతిదీ వెనకటి దాని భుజం మీద నిలబడేదే, ఒకటి దాటేస్తే తర్వాతది అతకదు. అన్నీ అయ్యాక మళ్లీ సాదా పల్లవికి వస్తే, చెవికి అది పాతది కాదు. (ఉర్దూలో సంగతి అంటే బాత్. బాత్ ఒకటే, చెప్పే అందాజ్ మారుతుంది!)

కృతిలో దీనికి ఇంత చోటు ఇచ్చినవాడు త్యాగయ్య, 1767–1847. ఖరహరప్రియలో ఆయన ‘చక్కని రాజ’ పల్లవి వినండి, తెలుస్తుంది. అందులో ఆయన వేసినవెన్ని, వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం షాగిర్దుల సిల్సిలాలు పెంచినవెన్ని అని విద్వాంసులు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇక తారీఖ్. త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల. కంభం దగ్గర, అర్ధవీడు మండలంలో ఉంది ఆ ఊరు. పూర్వీకులు అక్కణ్ణించి దక్షిణానికి వలస పోతే, ఆయన తిరువారూరులో పుట్టారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లా. కరవది గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడితే గానీ కాగితాల మీద ఈ రెండూ ఒక ఇల్లు కాలేదు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు.

అంతకంటే ముందే పాట వాటిని కలిపేసింది. 1924లో కరవదిలో తరతరాల సన్నాయి ఖాందాన్‌లో పుట్టిన చినమౌలానా, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర తాలీమ్ తీసుకున్నారు. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ షాగిర్ద్ అయ్యారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. అంటే కాకర్లవారు వలస పోయిన దిక్కుకే! 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన షాగిర్దులు కలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

సన్నాయికి జుబాన్ లేదు. గాయకుడికైతే పల్లవిలో మాటల సహారా ఉంటుంది. ఊదేవాడికి సంగతి తప్ప ఆసరా లేదు. అది సరిగ్గా రాకపోతే తక్రార్ నిజంగానే ఇరుక్కున్న సూదే. ఆ పెళ్లి పందిట్లో ముసలాయన చేస్తున్న పని అదే. మేం మూడోదానికే నవ్వడం మొదలుపెట్టాం, తర్వాతవి వినలేదు.

పోయిన ఏడాది గిద్దలూరు బస్టాండులో ‘అటక్’ కనిపించాడు. సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తున్నాడట. చాయ్ తాగుతూ మాఫీ అడిగాను. ‘ఛోడో భాయ్, చిన్నప్పటి మాటలు’ అన్నాడు. దాదా సన్నాయి అటక మీద ఉందట. ఆ పెళ్లినాటి పల్లవి గుర్తుందా అంటే గొంతు సవరించుకుని మెల్లగా అందుకున్నాడు. నాలుగో సంగతి దాకా వెళ్లి ఆగిపోయాడు.

‘దీని తర్వాత ఇంకా ఉన్నాయి భాయ్. దాదా ఊదేవాడు. నాకు యాద్ లేవు.’