గడి గోడ, బేగరి ఇంటిపేరు

మా మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డు పట్టుకొని పోతే, కామారెడ్డి చేరకముందే కుడిపక్క దోమకొండకు దారి చీలుతది. అక్కడ కామినేని వంశపు గడి ఉన్నది. 18వ శతాబ్దపు కోట. లోపల మేడలు, మహాదేవుని గుడి. వారసులే బాగు చేయించిన్రు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దానికి మెరిట్ అవార్డు వచ్చింది. గోడలు నిలవడం మంచిదే. కూలిపోతే మాకూ సాక్ష్యం పోతది.

కాని గడి చరిత్రంటే కట్టించినోళ్లు, ఏలినోళ్లేనా? నిజాం రాజ్యంలో ఊరూరా దొరల, అధికారుల వైభోగం వెట్టి మీద నడిచింది. మాదిగలు చెప్పులు, మోటకు తోలు కుట్టియ్యాలె. చాకలి బట్టలుతకాలె. కుమ్మరి కుండలియ్యాలె. బేగరి మూటలు మొయ్యాలె, వర్తమానం పట్టుకొని ఉరకాలె, బొందలు తవ్వాలె. మేడ్చల్ అప్పుడు అత్రాఫ్ బల్దాలో తాలూకా, అంటే నిజాం సొంత ఇలాకా సర్ఫెఖాస్. ఇక్కడా వెట్టి తప్పలేదు. మా ముత్తాత దౌరాకొచ్చిన అధికార్ల సామాన్లు నెత్తిన మోసిండని మా నాయనమ్మ చెప్పేది.

మా ఇంటిపేరు బేగరి. 'బేగార్' అంటే కూలి లేని చాకిరి. డిగ్రీలో రాజ్యాంగం చదువుతుంటే 23వ అధికరణంలో ఆ మాట కనపడ్డది. ఇంగ్లీషు ప్రతిలో కూడా 'బేగార్' అనే రాసిన్రు. అంబేద్కర్ అధ్యక్షతన తయారైన ఆ రాజ్యాంగం 1950 జనవరి 26 నుంచి నిషేధించిన పని, మా ఇంటిపేరై మిగిలింది.

చట్టం రాకముందే జనం లేచిన్రు. 1946 జులై 4న కడవెండిలో దొరల మనుషులు తుపాకులు పేలిస్తే దొడ్డి కొమురయ్య ఒరిగిండు. వెట్టి దొరల దయతోని పోలేదు.

మా బిడ్డను బడిల వేసేటప్పుడు, బేగరి తీసేద్దామని ఇంట్ల మాటొచ్చింది. పిల్లలు నవ్వుతరని భయం. ఆ భయం నాకు తెల్వంది కాదు. అయినా ఉంచినం. గడికి శిలాఫలకం ఉంటది, అవార్డుంటది. మా చాకిరికి ఈ ఒక్క పేరే దస్తావేజు.

శామీర్‌పేట దిక్కు నేను చదువు చెప్పే పిల్లలకు ఒక పని చెప్తున్న. ఇంట్ల ముసలోళ్లను కూసోబెట్టి అడగండి: ఎవరు మోసిన్రు, ఎవరు తవ్విన్రు, ఏమిచ్చిన్రు? పేర్లతో సహా రాసుకోండి. ఆ ముసలోళ్లు పోతే, గోడలే మిగిలి దొరల చరిత్రే చెప్తయి.