పంచమి భూములు: రెండక్షరాల హక్కు

పాపిరెడ్డిపట్టి వైపు నుంచి వచ్చి తెలుగు చదువుకుంటున్న ఒక విద్యార్థి ఆ మధ్య నన్నొక సందేహం అడిగాడు: "సార్, పంచమి భూమి అంటే పంచమినాడు దానం చేసిన భూమా?" ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన పిల్లవాడు. ఊహ తప్పే కాని, అసహజం కాదు. పంచమి అనగానే మనకు నాగపంచమి గుర్తొస్తుంది. ఈ పంచమి తిథి కాదు. నాలుగు వర్ణాలకు వెలుపల ఉంచినవారిని ఐదవవారని, పంచములని అన్నారు. ఆ మాట నుంచి వచ్చింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆ పేరును కాదని ఆది ఆంధ్రులమని చెప్పుకొంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అంగీకరించింది. మనుషులు వదిలించుకున్న పేరు తమిళనాట భూమికి మాత్రం అంటుకొనే ఉంది.

ఈ భూమి కథకు మొదలు బానిసత్వంలో ఉంది. తమిళ జిల్లాలలో పొలంతోపాటు పొలం పనివారిని కూడా అమ్మడం, తాకట్టు పెట్టడం పందొమ్మిదో శతాబ్దంలోకీ సాగింది. బ్రిటన్ 1833లో తన వలసలలో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను ఆ చట్టం నుంచి మినహాయించారు. ఇక్కడ 1843లో వచ్చిన ఐదవ చట్టం, మనిషి మీద ఆస్తిహక్కును కోర్టులు గుర్తించబోవని మాత్రమే చెప్పింది. విడుదలైనవాడికి చారెడు నేల కూడా దక్కలేదు. అడిమై అన్న తమిళ మాట పోయి పణ్ణైయాళ్, పడియాళ్ అన్న మాటలు మిగిలాయి. మన వైపు పాలేరు, జీతగాడు. మాట మెత్తబడింది, అప్పు మెత్తబడలేదు.

దీన్ని సర్కారు కాగితం మీద సూటిగా పెట్టినవాడు చెంగల్పట్టు కలెక్టరు ట్రెమన్‌హీర్. 1891లో అతడు రాసిన నివేదిక పరయల స్థితి గురించినది. గుడిసె వేసుకున్న జాగా కూడా మిరాశీదారుదే కాబట్టి, ఎదురు మాట్లాడితే ఇల్లు ఖాళీ చేయాలి. బంజరు కోసం దర్ఖాస్తు పెట్టుకుంటే మిరాశీదారుకే మొదటి హక్కు. (మిరాశీ హక్కుపై ఎల్లిస్, మన్రో ప్రభృతుల రచనలను 1852లో సంకలించి అచ్చువేయించినవాడు మన సి.పి. బ్రౌనే.) 1892 సెప్టెంబరు 30న మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అణగారిన వర్గాలవారికి బంజరు ఇస్తారు. పదేళ్లపాటు వారు దానిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆ తరువాత అమ్మినా తమ వర్గాలవారికే అమ్మాలి. షరతు తప్పితే ఆ బదిలీ చెల్లదు. పరిహారం లేకుండా ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకోవచ్చు. ఇలా ఇచ్చినది మొత్తం 12 లక్షల ఎకరాలని సాధారణంగా చెబుతారు.

అమెరికాలో 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణ తీరంలో విముక్తులైన బానిసల కుటుంబాలకు నలభై ఎకరాల చొప్పున కేటాయించాడు. అదే ఏడు అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ నేలను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. అక్కడ ఇచ్చిన ప్రభుత్వమే లాక్కొంది. ఇక్కడ ప్రభుత్వం లాక్కోలేదు, షరతునూ రద్దు చేయలేదు. అయినా భూమి పోయింది. నాకు ఇదే ఎక్కువ కలవరం కలిగిస్తుంది. కరువులో గింజల కోసం, పెళ్లి అప్పు కోసం, తెల్లకాగితం మీద వేలిముద్ర కోసం పోయింది. షరతుకు సాక్ష్యం ఊరి రిజిస్టరులో సర్వే నంబరు పక్కన రాసిన 'డి.సి.' అన్న రెండక్షరాలు. 1979-87 మధ్య తమిళనాట రిజిస్టర్లను తిరగరాసినప్పుడు ఆ అక్షరాలు చాలాచోట్ల జారిపోయాయన్నది దళిత సంఘాల ఆరోపణ. భూమి కొన్నవాడి దగ్గర పట్టా ఉంటుంది. పోగొట్టుకున్నవాడి మనుమడి దగ్గర తాత చెప్పిన మాట ఉంటుంది.

1994లో చెంగల్పట్టు దగ్గరి కారణై గ్రామంలో దళితులు తమ పంచమి భూమిని తిరిగి అడిగారు. ఆ ఆందోళనలో, అక్టోబరు 10న, పోలీసు కాల్పులకు ఇద్దరు యువకులు బలయ్యారు. 2011లో విశ్రాంత న్యాయమూర్తి మరుదముత్తు అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అదే సంవత్సరం ప్రభుత్వం మారింది. 2019లో వచ్చిన 'అసురన్' చిత్రం పంచమి అన్న మాటను ఊరూరికీ చేర్చింది.

ఆంధ్రదేశంలో దారి కొంత వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకాలను నిషేధించడమే కాక, అన్యాక్రాంతమైన భూమిని అసలు పట్టాదారుకో అతని వారసుడికో తిరిగి ఇవ్వాలని స్పష్టంగా రాసింది. మనం డి.కె.టి. పట్టా అంటున్నదానిలో దాగి ఉన్నది ఆ పాత దర్ఖాస్తే. 2023లో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు నిండిన భూమిని అమ్ముకొనే హక్కు కల్పించింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ చేపట్టారు. అందరూ అమ్ముకోగలిగినది వీరెందుకు అమ్ముకోకూడదని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని కంచె తీసే ముందు, ఇదివరకే పోయిన చేను వెనక్కి రావాలి కదా! వెట్టిచాకిరి రద్దు చట్టం (1976) ఆ వరుసను గుర్తించింది: వెట్టి అప్పు కింద తాకట్టులో ఉన్న ఆస్తి తాకట్టు తీరిపోయి, వెట్టివాడికే తిరిగి దక్కాలంటుంది ఆరవ సెక్షను. తాతల నుంచి సంక్రమించిన అప్పునూ వెట్టి కింద లెక్కించిన చట్టమది.

ధర్మపురి 1965 దాకా సేలం జిల్లాలో భాగం. ఈ చుట్టుపక్కల రెడ్లే కాదు, తెలుగు మాట్లాడే అరుంధతీయులూ ఉన్నారు. 2009లో తమిళనాడు 3 శాతం లోపలి రిజర్వేషను ఇచ్చింది వారికే. తెలుగు చరిత్ర అంటే పాళెగాళ్ల చరిత్రేనని అనుకొనే మన విద్యార్థులు ఈ వైపు కూడా చూడాలి.

ఇదంతా విని ఆ విద్యార్థి, తమ అవ్వ ఊరి చెరువు అవతల ఒక చేనును ఇప్పటికీ 'డి.సి. కొల్లి' అంటుందని, ఆ అక్షరాలకు అర్థం ఎవరికీ తెలియదని చెప్పాడు. ఇప్పుడు దానిని దున్నుతున్నది వేరేవారు. సెలవులకు వెళ్లినప్పుడు సర్వే నంబరు కనుక్కొని, సమాచార హక్కు చట్టం కింద పాత రిజిస్టరు నకలు అడుగుతానన్నాడు. కొత్తది కాదు, 1979కి ముందుది అడగమని, రిమార్కుల గడి చూడమని చెప్పి పంపాను.