ఆయుర్దాయము - వృద్ధాప్య పింఛను

మనుష్యుని ఆయువు నొసటి వ్రాతపై ఆధారపడునని పెద్దలు చెప్పుచుండెడివారు. కాని పుట్టిన యిల్లు, తినిన తిండి, చేసిన పని కూడ ఆయువును నిర్ణయించునని గణాంకశాస్త్రము తెలిపినది. పింఛనుల చరిత్రలో ఈ సంగతి ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు ఖమ్మం జిల్లాలోని వైరా ప్రాంతము తగిన ఉదాహరణము.

మూడు విధముల వృద్ధాప్యము

నిజాం పాలనలో, 1930 ప్రాంతమున, వైరా యేటిపై జలాశయము నిర్మింపబడెను. దాని కాలువల క్రింద వరి పండు మాగాణి ఏర్పడినది. అచ్చటినుండి కొత్తగూడెం, భద్రాచలం వైపు పోయిన కొలది మెట్టచేలు, వాటి వెనుక అడవి, కోయగూడెములు, లంబాడీ తండాలు కనబడును. బొగ్గుగనుల సంస్థకు పేరిచ్చిన సింగరేణి గ్రామము వైరా శాసనసభా నియోజకవర్గములోనిదే. ఇల్లెందులో 1889లోనే బొగ్గు త్రవ్వకము ఆరంభమైనది.

ఈ ప్రాంతములో మూడు విధముల వృద్ధాప్యము కలదు. ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణానంతరము పింఛను వచ్చుట స్వాతంత్ర్యమునకు పూర్వమునుండియు ఉన్న ఆచారము. బొగ్గుగని కార్మికులకు 1948 చట్టము భవిష్యనిధిని, 1998 పథకము పింఛనును కల్పించినవి. ఇక నాట్లు వేయు కూలికి, పోడు సేద్యము చేయు గిరిజనునికి యజమాని చిట్టా లేదు, జీతపు పట్టీ లేదు. కాబట్టి బహుకాలము వారికి కన్నకొడుకో, తమ రెక్కలో తప్ప వేరు ఆధారము లేకుండెను.

రెండు మార్గములు

ప్రపంచములో పింఛనులు రెండు మార్గములలో వృద్ధిచెందినవి. జర్మనీలో బిస్మార్కు కాలమున 1889లో వచ్చిన చట్టము మొదటిది. కార్మికుడు, యజమాని చెల్లించిన చందాలకు ప్రభుత్వము కొంత చేర్చి, 70 ఏండ్లు నిండినవారికి పింఛను ఇచ్చెడిది. 1916లో ఆ వయస్సును 65కు తగ్గించిరి. బ్రిటనులో 1908 చట్టము రెండవది. దాని ప్రకారము చందా లేకుండగనే, పన్నుల ఆదాయమునుండి, 70 ఏండ్లు దాటిన పేదలకు వారమునకు 5 షిల్లింగుల వరకు చెల్లించిరి. గని కార్మికుని పింఛను మొదటి మార్గమునకు చెందినది. కూలివానికి రెండవ మార్గమే శరణ్యము.

సగటు చెప్పునది, చెప్పనిది

మనదేశములో 1941-51 దశాబ్దమున పుట్టుకనాటి సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. 2016-20 నాటికి అది 70కి చేరినది. అయితే పూర్వము అందరును 32 ఏండ్లకే మరణించిరని దీని అర్థము కాదు. పదిమందిలో నలుగురు రెండేండ్ల ప్రాయమున, ఆరుగురు 65వ యేట మరణించిరనుకొందము. మొత్తము 398 సంవత్సరములు, సగటు 40కి కొంచెము తక్కువ. కాని 40వ యేట మరణించినవాడు వారిలో ఒక్కడును లేడు! శిశుమరణములు తగ్గగానే సగటు వేగముగా పెరుగును. అందుచేత పింఛను విషయములో చూడవలసినది 60 ఏండ్లకు చేరినవారు ఇంకెన్నాళ్లు జీవింతురన్న సంఖ్య. భారతదేశములో అది సుమారు 18 సంవత్సరములు. ఇదియు సగటే. దీని వెనుకను ధనిక, పేద తేడాలు దాగియున్నవి.

గీత ఎక్కడ గీయవలెను?

వృద్ధాప్యమున ప్రభుత్వ సహాయము కల్పింపవలెనని రాజ్యాంగములోని 41వ అధికరణము ఆదేశించుచున్నది. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయల పింఛను ప్రారంభించినది. 2011లో ఆ వయస్సు 60కి తగ్గినది. తెలంగాణలో 2014లో ఆసరా పథకము 65 ఏండ్లు దాటినవారికి 1,000 రూపాయలతో ఆరంభమై, 2019లో 2,016 రూపాయలైనది. 2022లో వయోపరిమితిని 57కు తగ్గించిరి.

ఈ తగ్గింపు ఎవరికి ఎక్కువ ఉపకరించునో లెక్క వేసి చూడవచ్చును. ఒకడు 66వ యేట, మరియొకడు 80వ యేట మరణించిరనుకొందము. పరిమితి 65 అయినచో మొదటివానికి ఒక్క సంవత్సరము, రెండవవానికి 15 సంవత్సరములు పింఛను లభించును. పరిమితి 57 అయినచో మొదటివానికి 9, రెండవవానికి 23. ఇద్దరికిని ఎనిమిదేండ్లే పెరిగినను, మొదటివాని పాలు తొమ్మిది రెట్లయినది. రెండవవాని పాలు రెండు రెట్లు కూడ కాలేదు. వయస్సును పెంచినచో నష్టము కూడ ఇట్లే అల్పాయుష్కునిపైననే ఎక్కువగా పడును. గీత అందరికి ఒకటే అయినను ఫలము ఒకటి కాదు.

ఇది కేవలము ఊహాగణితము కాదు. షెడ్యూల్డు తెగల సగటు ఆయుర్దాయము 63.9 సంవత్సరములనియు, సాధారణ జనులకు 67 అనియు గిరిజనారోగ్యముపై కేంద్రము నియమించిన నిపుణుల సంఘము 2018లో తెలిపినది. మలేరియా, క్షయ, రక్తహీనత, ఆసుపత్రి దూరము ఇందుకు ముఖ్య కారణములు.

కొన్ని నియమములు ఈ భేదమును గుర్తించినవి. ఆసరా పథకములో చేనేత, కల్లుగీత కార్మికులకు 50 ఏండ్లకే పింఛను నిర్ణయింపబడినది. ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ వయస్సు 60 కాగా గిరిజనులకు 50. భద్రాచలము చుట్టునున్న కొన్ని మండలములు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరినందున, ఒకే కోయజాతివారికి సరిహద్దునకు ఈవల ఒక వయస్సు, ఆవల మరియొక వయస్సు వర్తించుచున్నవి.

వయస్సును నిరూపించుట మరియొక చిక్కు. నిర్బంధ జననమరణ నమోదు చట్టము 1969లో గాని రాలేదు. పల్లెలలోని పెద్దలు రజాకార్ల కాలమునుబట్టియో, 1948 నాటి పోలీసు చర్యనుబట్టియో తమ వయస్సును లెక్కించుకొనిరి. గుర్తింపుపత్రములో పొరపాటున ఐదేండ్లు తగ్గినచో ఐదేండ్ల పింఛను పోవును.

రానున్న కాలము

1961లో మనదేశ జనాభాలో 60 ఏండ్లు దాటినవారు నూటికి 5.6 మంది, 2011లో 8.6 మంది. జననములు తగ్గుచున్నందున ఈ సంఖ్య ఇంకను పెరుగును. పనిచేయువారి నిష్పత్తి తగ్గినపుడు, ఖర్చు తగ్గించుటకై పింఛను వయస్సును పెంచవలెనను వాదము అన్ని దేశములలోను బయలుదేరుచున్నది. సగటు ఆయువు పెరిగినదన్న ఒక్క కారణముతో వయస్సును పెంచినచో, ఆ పెరుగుదలలో తమ వంతు పొందనివారే దాని మూల్యమును చెల్లింపవలసివచ్చును. కాలువ క్రింది రైతుకును, అడవి అంచున కూలికిని ఆయువు సమానమైననాడే ఒకే గీత ఇద్దరికిని న్యాయమగును.